డెంగీ దోమ ఇంట్లో పుట్టకుండా ఏం చేయాలి?

నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు నల్లా వచ్చినప్పుడే నీళ్లు పట్టి దాచుకునే ఇళ్లు ఎక్కువ. గోలెం, డ్రమ్ము, సంపు అన్నీ నిండుగా ఉంటాయి. డెంగీ, చికున్‌గున్యా తెచ్చే ఏడిస్ దోమ ఆ మంచి నీళ్లలోనే గుడ్లు పెడుతుంది. పుట్టిన చోటి నుంచి సాధారణంగా ఒకటి రెండు వందల మీటర్లు దాటి పోదు. మిమ్మల్ని కుట్టిన దోమ మీ ఇంట్లోనో పక్కింట్లోనో పుట్టినదే అయ్యుంటుంది.

గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు పడుతుంది. కాబట్టి నీళ్ల పాత్రలన్నీ ఖాళీ చేసి కడగడానికి వారానికో రోజు ఖాయం చేసుకోండి. ఆరోగ్య శాఖవాళ్లు డ్రై డే అని చెప్పే శుక్రవారమైతే గుర్తుంటుంది.

ముందు టార్చి వేసి ప్రతి పాత్రలోకీ చూడండి. తలకిందులుగా వేలాడుతూ, నీడ పడగానే మెలికలు తిరుగుతూ కిందికి పోయే సన్నని పురుగులుంటే అవి దోమ పిల్లలే. ఆ నీళ్లు మోరీలో పోయకండి, ఎండు నేల మీద పారబోయండి.

అసలు పని ఆ తర్వాతే ఉంది. గుడ్లు నీటి అంచుకు కాస్త పైన, గోడకు అంటుకుని ఉంటాయి. ఎండిపోయినా నెలల తరబడి చావవు, నీళ్లు తగిలితే పొదుగుతాయి. కడగకుండా మళ్లీ నింపితే పారబోసిన శ్రమంతా వృథా. గోలెం లోపల చుట్టూ కొబ్బరి పీచుతో గట్టిగా రుద్ది, కడిగి, ఎండబెట్టండి. సంపు ఖాళీ చేయడం కుదరకపోతే సందు లేకుండా మూత బిగించండి. ట్యాంకు ఓవర్‌ఫ్లో పైపుకు సన్నని జాలీ కట్టండి.

కూలర్, ఫ్రిజ్ వెనక ట్రే, పాత టైర్లు, కొబ్బరి చిప్పలు, పిట్టలకు పెట్టిన నీళ్ల గిన్నె కూడా చూడండి. పక్కిల్లు తాళం వేసి ఉంటే పంచాయతీ కార్యదర్శికో, మున్సిపాలిటీ వాళ్లకో చెప్పండి.

మురుగు నీళ్లలో పుట్టే క్యూలెక్స్ దోమ బోదకాలు తెస్తుంది. దానికోసం సెప్టిక్ ట్యాంకు గాలి గొట్టానికి కూడా జాలీ కట్టాలి.

ఫాగింగ్ మిషన్ కోసం ఎదురుచూస్తూ కూర్చోకండి. ఆ పొగ ఎగిరే దోమల్నే చంపుతుంది, నీళ్లలోని పురుగుల్ని ఏమీ చేయదు. వచ్చిన రోజు మాత్రం తిండి, నీళ్ల మీద మూతలు పెట్టి తలుపులు తెరవండి. ఏడిస్ మంచం కింద, వేలాడే బట్టల వెనక దాక్కుంటుంది, పొగ అక్కడిదాకా పోవాలి.

జ్వరం వచ్చినవాళ్లను పగలు కూడా దోమతెరలోనే పడుకోబెట్టండి. దీన్ని చాలామంది పట్టించుకోరు, నా దృష్టిలో మాత్రం గోలెం కడగడం ఎంతో ఇదీ అంతే ముఖ్యం. ఏడిస్ పగటిపూట కుట్టే దోమ. డెంగీ ఉన్న మనిషిని జ్వరం మొదటి రోజుల్లో కుడితే, కొన్నాళ్లకు ఇంట్లో మిగతావాళ్లకూ అంటిస్తుంది. ఒళ్లు నొప్పులని ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వేయకండి, రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. పారాసిటమాల్ ఇచ్చి, రక్త పరీక్ష చేయించండి. జ్వరం తగ్గిందని జాగ్రత్త వదిలేయొద్దు. అప్పుడు కడుపునొప్పి ఎక్కువైనా, వాంతులు ఆగకపోయినా, చిగుళ్ల నుంచి రక్తం వచ్చినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.