స్కూల్ గేమ్స్‌లో ఆటగాళ్ల వయసు తనిఖీ ఎలా చేయాలి? ముందు చూడాల్సింది పుట్టిన తేదీ కాదు, నమోదు తేదీ

మండల, జిల్లా స్థాయి కబడ్డీ, ఖోఖో పోటీల్లో గొడవలు ఎక్కువగా వయసు దగ్గరే మొదలవుతాయి. దానికి కారణం దొంగ కాగితాల కంటే తనిఖీ టేబుల్ దగ్గర చూపే తొందర. జెరాక్స్ కాపీ మీద హెచ్‌ఎం సంతకం కనపడగానే టిక్కు కొట్టేసి, సెమీఫైనల్లో గడ్డం గీసుకున్న కుర్రాణ్ణి చూసి అందరూ గగ్గోలు పెడతారు.

కావాల్సిన సామాన్లు పెద్దగా ఏమీ లేవు. వెలుతురు బాగా పడే చోట ఒక టేబుల్, గీతల పుస్తకం, ఎర్ర పెన్ను, స్టాంపు, యూఐడీఏఐ (ఆధార్ జారీ చేసే సంస్థ) యాప్ ఉన్న ఫోన్ చాలు. బరువు పరిమితి ఉన్న ఆటలైతే కాటా కూడా పెట్టుకోండి. తనిఖీ పోటీలకు ముందు రోజు సాయంత్రమే ముగియాలి. ఉదయం విజిల్ వేసే వేళకు ఎవరి కాగితాలూ చూడకూడదు.

పోటీల సర్క్యులర్‌లోని కటాఫ్ తేదీని చార్టు మీద పెద్దగా రాసి గోడకు అంటించండి. స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ (ఎస్‌జీఎఫ్) పోటీల్లో వయసును ఆ ఏడాది డిసెంబర్ 31 నాటికి లెక్కిస్తారు. 2025-26 సీజన్ అండర్-14 జట్టులో ఆడాలంటే 2012 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టి ఉండాలి. 2011 డిసెంబర్ 28న పుట్టిన పిల్లాడు సెప్టెంబర్‌లో వచ్చి "సార్, నాకింకా పదమూడే" అంటే అది నిజమే, అయినా అతను ఆడటానికి లేదు. వేళ్ల మీద లెక్క పెట్టకండి, గోడ మీది తేదీతో పోల్చండి.

ఒక్కో స్కూలునే లోపలికి పిలవండి. పీఈటీని, అంటే ఆ స్కూలు వ్యాయామ ఉపాధ్యాయుణ్ణి, తలుపు బయటే ఉంచండి. ఆయన పక్కనుంటే మీరడిగే ప్రతి ప్రశ్నకూ ఆయనే జవాబిస్తారు. ఒరిజినల్ కాగితాలు తేని వాళ్లకు రాత్రి ఎనిమిది దాకా గడువివ్వండి, అంతకు మించి వద్దు.

ఇక అసలు చిక్కు జనన ధ్రువపత్రం దగ్గర వస్తుంది. దాని మీద మూడు తేదీలుంటాయి: పుట్టిన తేదీ, నమోదు తేదీ, జారీ చేసిన తేదీ. చాలామంది మొదటిది చూసి కాగితం మడిచేస్తారు. కొందరు మూడోది చూసి "పోయిన వారం తీసిన సర్టిఫికెట్, ఇది చెల్లదు" అని పిల్లల్ని ఏడిపిస్తారు. ఈ రెండూ తప్పే. మీసేవలో ఎప్పుడు ప్రింటు తీసుకున్నా ఆ రోజు తేదీయే జారీ తేదీగా పడుతుంది, దాన్ని బట్టి అనుమానించడానికి ఏమీ లేదు. మీ కళ్లు ముందు నమోదు తేదీ మీద పడాలి.

జననాన్ని 21 రోజుల్లోపు నమోదు చేయించాలి. నెల దాటితే అధికారి అనుమతి, స్వీయ ధ్రువీకరణ పత్రం కావాలి (2023లో చట్టం మారేదాకా అఫిడవిట్ అడిగేవారు). ఏడాది దాటితే మేజిస్ట్రేట్ ఉత్తర్వు ఉండాలి. మన రెండు రాష్ట్రాల్లో ఆ పని ఆర్డీవో కార్యాలయంలో జరుగుతుంది. పుట్టిన వారం, పది రోజులకే నమోదైన పత్రం ఉంటే ఆ తేదీని దాదాపు నమ్మొచ్చు, ఎందుకంటే పధ్నాలుగేళ్ల తర్వాత జరగబోయే కబడ్డీ కోసం అప్పుడెవరూ తేదీ మార్చరు. పుట్టింది 2012లో, నమోదైంది 2023లో అంటే మాత్రం ఆ కాగితాన్ని పక్కన పెట్టి ఎర్ర పెన్ను తీయండి. ఆలస్యపు నమోదు నేరం కాదు. ఇంటి దగ్గర కాన్పు, వలస, అమ్మమ్మ ఊళ్లో పుట్టుక, ఇలా నిజమైన కారణాలు చాలా ఉంటాయి. అలాగని ఆ పత్రం ఒక్కటే సాక్ష్యంగా సరిపోదు. దానికంటే పాతది మరొకటి కావాలి.

ఆ పాతది ఒకటో తరగతిలో చేరినప్పటి అడ్మిషన్ రిజిస్టరు. ఇప్పుడు చదువుతున్న హైస్కూలు రిజిస్టరు కాదు, మొదట చేరిన ప్రాథమిక పాఠశాలది. ఐదో తరగతి అయ్యాక ఇచ్చే రికార్డ్ షీట్ ఉంటే అది చూడండి. లేకపోతే ఆ పాఠశాల హెచ్‌ఎం సంతకంతో ఎక్స్‌ట్రాక్టు (రిజిస్టరులోని ఆ వివరాల నకలు) తెమ్మనండి. పుట్టిన తేదీ అంకెల్లోనూ అక్షరాల్లోనూ ఉందా, రెండూ ఒకటేనా చూడాలి. అంకెల మీద దిద్దినవాళ్లు అక్షరాలను మర్చిపోతుంటారు. తర్వాత తరగతులు వెనక్కి లెక్కపెట్టండి. ఆ తేదీ నిజమైతే పిల్లాడు మూడున్నరేళ్లకే ఒకటో తరగతిలో చేరి ఉండాలని తేలితే, ఎక్కడో ఒక చోట ఏడాదో రెండేళ్లో మాయమయ్యాయన్నమాట. జూన్, జూలై పుట్టినరోజులు కుప్పలుగా కనిపిస్తే ఉలిక్కిపడకండి. తల్లిదండ్రులకు తేదీ గుర్తులేనప్పుడు బడి తెరిచే రోజులకు దగ్గరగా ఏదో ఒక తేదీ వేయడం మన బళ్లలో పాత అలవాటు.

అన్నదమ్ముల కాగితాలు మార్చుకోవడం ఇంకో రకం మోసం. తమ్ముడి సర్టిఫికెట్‌తో అన్న వస్తాడు. ఇంటిపేరు, తండ్రి పేరు, ఊరు అన్నీ సరిపోతాయి. ఇక్కడ టీసీలో రాసే పుట్టుమచ్చలు పనికొస్తాయి. "కుడి మోచేతి మీద పుట్టుమచ్చ" అని రాసుంటే మోచెయ్యి చూపించమనండి. ముఖం, చేతుల మీద ఉన్నవి తప్ప ఇంకేవీ అడగకూడదు. ఆడపిల్లల్ని మేడమ్ మాత్రమే చూడాలి. ఇంట్లో మిగతా పిల్లల పుట్టిన తేదీలూ కనుక్కోండి. ఇద్దరి మధ్య ఆరు నెలలే తేడా వస్తే, కవలల మాట కాకపోతే, ఏదో ఒక తేదీ తప్పు.

ఆధార్ సంగతి. అది మనిషెవరో చెబుతుంది, వయసుకు రుజువు కాదు. యూఐడీఏఐయే ఈ మాట అంటోంది. 2024 జనవరిలో ఉద్యోగుల భవిష్య నిధి సంస్థ (ఈపీఎఫ్‌ఓ) కూడా పుట్టిన తేదీ రుజువుల జాబితా నుంచి ఆధార్‌ను తీసేసింది. మన టేబుల్ దగ్గర మాత్రం ఇంకా "ఆధార్ ఉంది కద సార్" అనే మాటే వినపడుతోంది. క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పేరు, ఫోటో సరిచూడండి, అంతే. ఫోటో ఐదేళ్లప్పటిదైతే ఇప్పటి ముఖంతో కలవదు. 15 ఏళ్లకు అప్‌డేట్ చేయించేదాకా చాలామందికి అదే ఉంటుంది. ఆ ఒక్క కారణంతో పిల్లాణ్ణి వెనక్కి పంపకండి. పుస్తకంలో చివరి నాలుగంకెలే రాసుకోండి.

పుట్టిన తేదీ ఎంతని పిల్లాణ్ణి అడగొద్దు, అది బట్టీ పట్టించే పంపుతారు. ఐదో తరగతిలో టీచరెవరు, చెల్లెలు ఏం చదువుతోంది, పోయినేడు ఏ క్లాసు గదిలో కూర్చున్నావు అని మామూలుగా మాట్లాడించండి. అనుమానం వస్తే జట్టు ముందు అనకండి, పీఈటీని పక్కకు పిలిచి చెప్పండి.

మీసాలు, ఎత్తు, పళ్లు చూసి తీర్పిచ్చే పెద్దలు ప్రతి గ్రౌండులోనూ ఉంటారు. పదమూడేళ్లకే మీసం మొలిచిన పిల్లలు అలా అన్యాయమైపోతుంటారు. ఎముకల పరీక్ష చేయిద్దామనేవాళ్లూ ఉంటారు. బీసీసీఐ ఎడమ మణికట్టు ఎక్స్‌రేతో ఎముకల ఎదుగుదలను బట్టి వయసు అంచనా వేసే టీడబ్ల్యూ3 పద్ధతి వాడుతుంది, అండర్-17 పోటీలకు ఫిఫా 2009 నుంచి మణికట్టు ఎంఆర్‌ఐ పెట్టింది. కానీ టీడబ్ల్యూ3 లెక్క అబ్బాయిల్లో 16.5 ఏళ్ల దగ్గర, అమ్మాయిల్లో 15 దగ్గర ఆగిపోతుంది. అండర్-19లో అది ఎందుకూ కొరగాదు. తల్లిదండ్రుల అనుమతి, ఎక్స్‌రే చదవగల డాక్టరు లేకుండా మండల స్థాయిలో దాని జోలికే పోకూడదు. 2023 అక్టోబర్ 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకు జనన ధ్రువపత్రమే పుట్టిన తేదీకి ఏకైక రుజువని చట్టం మారింది. వాళ్లు అండర్-14కి వచ్చేదాకా ఈ రికార్డ్ షీట్లు తిరగేయక తప్పదు.

తనిఖీ అయ్యాక స్టాంపు సగం ఫోటో మీద, సగం ఫారం మీద పడేలా వేయండి. టాస్‌కు ముందు పన్నెండు మందినీ వరసగా నిలబెట్టి ఫారంలోని ఫోటోతో మళ్లీ పోల్చండి. తనిఖీకి ఒకణ్ణి చూపించి ఆటకు మరొకణ్ణి దింపేది సబ్‌స్టిట్యూట్ల పేరు మీదే. అభ్యంతరం ఉంటే ఆట మొదలయ్యే ముందే రాతపూర్వకంగా తీసుకోండి. ఎవరినైనా తిరస్కరిస్తే కారణం ఒక్క వాక్యంలో రాసి పీఈటీ సంతకం తీసుకోండి. ఫోన్లో తీసిన పిల్లల కాగితాల ఫోటోలు పోటీలు ముగిసిన రాత్రే చెరిపేయండి, వాట్సాప్ గ్రూపులో పెట్టినవి కూడా.