స్లీప్ స్టడీకి ఎలా సిద్ధమవ్వాలి? రిపోర్టులో ముందు ఏం చూడాలి?

గురక మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేచేవాళ్లకి, రాత్రంతా పడుకున్నా పగలు కూర్చున్నచోటే కునికేవాళ్లకి డాక్టర్లు రాసే పరీక్ష ఇది. రాత్రి ల్యాబులో మీరు నిద్రపోతుంటే ఊపిరి, మెదడు తరంగాలు, ఆక్సిజన్ రికార్డు చేస్తారు. సూదులుండవు, నొప్పీ ఉండదు.

1. ఆ రోజు తలంటుకోండి. షాంపూ అయినా కుంకుడుకాయలైనా సరే, తర్వాత మాత్రం నూనె చుక్క కూడా రాయొద్దు. మెదడు తరంగాలు పట్టే ఎలక్ట్రోడ్లను మాడుకు పేస్టుతో అంటిస్తారు. జిడ్డు ఉంటే అర్ధరాత్రి ఊడిపోతాయి, ఇక మీరు నిద్రపోయారో మేలుకునే ఉన్నారో తేలదు. ఆక్సిజన్ క్లిప్పు పెట్టే వేలికి గోళ్లరంగు తీసేయండి.

2. మధ్యాహ్నం నుంచి కాఫీ, టీ మానేయండి. పగటి నిద్ర, మద్యం వద్దు. నిద్రమాత్రలు, డిప్రెషన్ మందులు నిద్ర తీరును మారుస్తాయి. అలాగని మీ అంతట మీరు ఆపొద్దు, డాక్టరునే అడగండి. వదులు బట్టలు, అలవాటైన దిండు తీసుకెళ్లండి.

3. వైర్లు అమర్చడానికి దాదాపు గంట పడుతుంది. తల, కళ్ల పక్కన, గడ్డం, ఛాతీ, మోకాళ్ల కింద అతికిస్తారు. ముక్కు దగ్గర సన్నటి గొట్టం, ఛాతీకీ పొట్టకీ చెరో బెల్టు. బిగుతుగా ఉందని ఆ బెల్టుల్ని మీరే సడలించకండి. ముక్కులో గాలి ఆగినా ఛాతీ, పొట్ట ఎగదన్నుతుంటే అడ్డు గొంతులో ఉన్నట్టు. అవీ కదలకపోతే ఊపిరి తీసుకోమని మెదడే చెప్పడంలేదన్నమాట. రెండిటికీ వైద్యం ఒకటి కాదు.

4. బాత్రూముకు వెళ్లాలంటే పిలవండి, వైర్ల పెట్టెను విడదీసి ఇస్తారు. బిగబట్టుకుని పడుకుంటే నిద్రే పట్టదు. కొత్తచోట నిద్ర పలచగానే ఉంటుంది, కంగారు పడక్కర్లేదు. కాసేపైనా వెల్లకిలా పడుకోండి, చాలామందికి ఊపిరి ఎక్కువగా ఆగేది అప్పుడే. కలల నిద్ర తెల్లవారుజామున ఎక్కువ. గొంతు కండరాలు మరీ సడలేది ఆ నిద్రలోనే కాబట్టి మూడింటికే ఇంటికి బయల్దేరితే అసలు సమస్య దొరక్కపోవచ్చు.

సమస్య తీవ్రంగా కనిపిస్తే రెండో సగం రాత్రి సీప్యాప్ (గొంతు మూసుకుపోకుండా ఒత్తిడితో గాలి పంపే యంత్రం) మాస్కు తగిలించి, గాలి ఒత్తిడిని కొద్దికొద్దిగా పెంచుతూ ఎంత సరిపోతుందో చూస్తారు. మాస్కు కొలత పడుకునే ముందే సరిచూసుకోండి.

5. రిపోర్టులో అందరి కళ్లూ పడేది ఏహెచ్‌ఐ మీద. నిద్రలో గంటకు ఎన్నిసార్లు ఊపిరి 10 సెకన్లు, అంతకన్నా ఎక్కువసేపు ఆగిందో, బాగా తగ్గిందో చెప్పే లెక్క అది. పెద్దవాళ్లకు 5 లోపు మామూలు, 5 నుంచి 15 లోపు స్వల్పం, 15 నుంచి 30 లోపు మధ్యస్థం, 30 నుంచి తీవ్రం. పిల్లలకు ఈ హద్దులు వర్తించవు. ఏహెచ్‌ఐ కన్నా ముందు మొత్తం ఎంతసేపు నిద్రపోయారు, అందులో వెల్లకిలా ఎంత, కలల నిద్ర ఎంత అన్నవి చూడండి.

ఇంట్లో చేసే పరీక్షలో సాధారణంగా మెదడు వైర్లుండవు. అందుకని భాగించేది నిద్ర గంటలతో కాదు, రికార్డింగ్ గంటలతో. 8 గంటల రికార్డింగులో మీరు నిద్రపోయింది 5 గంటలే, ఊపిరి ఆగింది 80 సార్లు అనుకోండి. నిద్రతో భాగిస్తే 16, రికార్డింగుతో భాగిస్తే 10. మధ్యస్థం కాస్తా స్వల్పమైపోయింది. ఇంటి పరీక్ష బాగానే ఉందన్నా పగటి మత్తు వదలకపోతే, ల్యాబులో పూర్తి పరీక్ష రాయమని డాక్టర్ని అడగండి.