మాస్కు ముద్ద పగిలినా, బూజు పట్టినా, బొమ్మ తల బరువెక్కినా

తెలంగాణలోని చెర్యాలలో పటాలు గీసి, మాస్కులు చేసే నకాషీ కళాకారుల మాస్కు ముద్దలో ఉండేవి రంపపు పొట్టు, చింతగింజల జిగురు. చిన్న మాస్కుకు అడుగున కొబ్బరి చిప్ప ఉంటుంది. ఈ ముద్దతో వచ్చే తంటాల్లో ఎక్కువ భాగం తడి దగ్గరే మొదలవుతాయి.

ఆరేటప్పుడు పగుళ్లు

నీరెక్కువైన ముద్దను మందంగా పెట్టి ఎండలో ఉంచితే పగలక మానదు. వరంగల్‌లో ఏప్రిల్, మే ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. పైపొర ముందే ఆరి కుంచించుకుంటుంది, లోపల ఇంకా తడే. ఆ లాగుడుకు పైపొర చీలుతుంది.

పొట్టును సన్న జల్లెడ పట్టండి. ముద్దను పిడికిట్లో నొక్కితే నీరు కారొద్దు, ముద్ద విడిపోవద్దు. అర సెంటీమీటరు మించకుండా ఒక పొర పెట్టి, నీడలో పూర్తిగా ఆరాకే రెండోది పెట్టాలి. పగిలిన చోట కొంచెం తడిపి, మెత్తటి పొట్టు కలిపిన ముద్దను లోపలికి నొక్కి, ఆరాక గరుకు కాగితంతో రుద్దండి. పైన జిగురుతో పలుచటి నూలు గుడ్డ అంటించండి. ఈ పని మాత్రం వదలొద్దు, మాస్కును పట్టి ఉంచేది ఆ గుడ్డే.

ముట్టుకుంటే పొడి రాలడం

జిగురు ఉడకలేదు. గింజలు వేయించి, తోలు తీసి, రాత్రంతా నానబెట్టి, మెత్తగా రుబ్బి, నీళ్లు పోసి చిక్కబడేదాకా కలుపుతూ ఉడికించాలి.

బూజు, పురుగు

చింతగింజల పిండి బూజుకూ పురుగుకూ తిండే. ముసురు రోజుల్లో జిగురు ఏ రోజుకారోజు కాచుకోవాలి. గోడకు తగిలించే మాస్కైతే జిగురులో చిటికెడు మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) వేయొచ్చు. అది విషం. పిల్లలు ముఖానికి పెట్టుకునే వాటిలో అసలు వేయొద్దు, వాటికి ఫెవికాల్ కలిపిన కాగితం గుజ్జు మేలు. బూజు దిగి మెత్తబడిన భాగాన్ని కోసి తీసేసి, కొత్త ముద్ద పెట్టండి.

బొమ్మ తల బరువు

తలను లోపల ఖాళీ లేకుండా ముద్దతో చేస్తే ఆడించే చెయ్యి లాగేస్తుంది. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ ఇంకా బరువు, కింద పడితే ముక్కలే. మట్టితో తల చేసి, వాజిలిన్ రాసి, పేపరు ముక్కలు ఆరేడు పొరలు అంటించండి. ఆరాక చెవి నుంచి చెవికి కోసి, మట్టి తీసి, రెండు చిప్పలనూ పేపరు పట్టీలతో అతకండి. చేతికి తొడిగే బొమ్మకు ఇది సరిపోతుంది. దారాలతో ఆడించే బొమ్మకు మాత్రం కొంత బరువుండాలి, లేకుంటే తల కుదురుగా కదలదు. దానికి కర్రతో తల చెక్కుకోవచ్చు.

ప్లాస్టర్‌ను నేరుగా మనిషి ముఖం మీద పోసి అచ్చు తీయకండి. గట్టిపడేటప్పుడు వేడెక్కి చర్మం కాలుతుంది.

రంగు పెచ్చులూడడం

తడి ఆరని ముద్ద మీద, రంగుకు అడుగుపూతగా సుద్ద పూస్తే ఇలా అవుతుంది. గీకేసి, పూర్తిగా ఆరబెట్టి, జిగురు కలిపిన సుద్దను పల్చగా రెండు పూతలు వేయండి.