సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్ భద్రతా హెచ్చరికలు చదవడం – నాల్గవ పాఠం: తాళం వేసిన ల్యాబ్‌లోకి వచ్చే ఫైలు

గత పాఠంలో సీమెన్స్ సంస్థ తన ఇంజనీరింగ్ సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్ సిమ్‌సెంటర్ ఫీమాప్‌పై ప్రకటించిన ఒక లోపాన్ని ఇచ్చి, అది మీ ల్యాబ్‌కు ఎంత ప్రమాదకరమో రాయమన్నాను. లోపం తీవ్రతను సంక్షిప్తాక్షరాలతో చెప్పే వెక్టర్ అనే వరుసలో ఏవీ:ఎల్ (దాడి దారి: లోకల్) అని ఉంది కనుక దాడి చేసేవాడు మన కంప్యూటర్ ముందే కూర్చోవాలని, ల్యాబ్‌కు తాళం ఉంటుంది కనుక భయం లేదని చాలామంది రాశారు. ఈ అపోహ ఉండగా ముందుకు వెళ్లడం వృథా కనుక, ఈ వారం చెప్పదలచిన ప్యాచ్‌ల సంగతిని వాయిదా వేస్తున్నాను.

ఆ లోపం ఫీమాప్ మోడల్ ఉండే ఎన్‌ఇయూ ఫైలును చదివే భాగంలో ఉంది. కావాలని తప్పుగా తయారుచేసిన ఫైలును ప్రోగ్రాం నమ్మి చదివినప్పుడు మెమరీ పాడవుతుంది, ఫైలు పంపినవాడి కోడ్ మీ లాగిన్‌కు ఉన్న హక్కులతో నడిచే అవకాశం కలుగుతుంది. కాజీపేటలోని మిత్రుడు వాట్సాప్‌లో పంపిన బ్రాకెట్ మోడల్ కావచ్చు, హనుమకొండలోని సీనియర్ పెన్‌డ్రైవ్‌లో ఇచ్చిన పాత ప్రాజెక్టు కావచ్చు, రామగుండంలోని కాంట్రాక్టరు మెయిల్ చేసిన పైపు సపోర్టు కావచ్చు. వారికే తెలియకుండా ఆ ఫైలు వారి చేతికి వచ్చి ఉండవచ్చు. దాడి చేసినవాడు ఏ దేశంలో ఉన్నా ఫైలును తెరిచేది మీరే. ఏవీ:ఎల్ చెప్పేది ఇంతే: లోపమున్న భాగానికి నెట్‌వర్క్ నుంచి నేరుగా దారి లేదు. మోసపుచ్చి ఫైలు తెరిపించడం కూడా ఈ ఎల్ కిందికే వస్తుందని, లోపాల తీవ్రతను కొలిచే సీవీఎస్ఎస్ పద్ధతి 3.1 వెర్షన్ నిర్వచనంలోనే ఉంది. పక్కనే ఉన్న యూఐ:ఆర్‌ను చదివి ఉంటే మీరు తడబడేవారు కాదు. వాడుకరి చేయి పడితేనే దాడి పూర్తవుతుందని అది చెబుతుంది.

నేను పదికి లెక్కించే తీవ్రత స్కోరును చివర చూస్తాను, మీరూ అలాగే చేయాలని నా కోరిక. ఈ లోపానికి ఇచ్చిన 7.8 స్కోరు రెండు భిన్నమైన దారుల్లో రావచ్చు. పీఆర్ అంటే దాడి చేసేవాడికి ముందే ఉండాల్సిన హక్కులు; పీఆర్, యూఐలలో ఎన్ అంటే అవసరం లేదు, పీఆర్‌లో ఎల్ అంటే తక్కువ హక్కులు చాలు. పీఆర్:ఎన్, యూఐ:ఆర్ అయితే ఎవరో పంపిన ఫైలు; పీఆర్:ఎల్, యూఐ:ఎన్ అయితే మీ కంప్యూటర్‌లో సాధారణ లాగిన్ ఉన్న మరొకరు. మొదటిదానికి తాళం పనికిరాదు, రెండవదానికి కొంత పనికివస్తుంది. సాఫ్ట్‌వేర్ వాడటానికి అనుమతులు ఇచ్చే ఫ్లెక్స్‌నెట్ లైసెన్స్ సర్వర్ వంటిది మాత్రం నెట్‌వర్క్ పోర్టుపై వింటుంది కనుక, ఆ పోర్టు ద్వారా అందే లోపం ఏవీ:ఎన్ (దాడి దారి: నెట్‌వర్క్) అవుతుంది.

అభ్యాసం: స్కోరులో దాడి ఎంత సులభమో చెప్పే 8.22 × ఏవీ × ఏసీ × పీఆర్ × యూఐ అనే లబ్ధాన్ని (ఏసీ అంటే దాడి సంక్లిష్టత, ఏసీ:ఎల్ అంటే తక్కువ) పై రెండు దారులకూ చేతితో గుణించి, రెండూ ఎందుకు సమానమో చూపండి. ఏవీ:ఎల్ విలువ 0.55, ఏసీ:ఎల్ 0.77, పీఆర్:ఎన్ 0.85, పీఆర్:ఎల్ 0.62, యూఐ:ఎన్ 0.85, యూఐ:ఆర్ 0.62. ఆ తరువాత ఏవీ:ఎన్ విలువ 0.85 వేసి మళ్లీ లెక్కించండి. చివరగా మీ ల్యాబ్‌కు బయటి నుంచి వచ్చే ప్రతి ఫైలు రకాన్నీ, దాన్ని పంపేవారినీ, తెరిచే ప్రోగ్రాం వెర్షన్‌నూ ఒక కాగితంపై రాసి ఉంచండి; ప్యాచ్‌ల పాఠం ఆ కాగితం లేకుండా సాగదు.