పాత జీన్స్ మీద మెషీన్ ఎంబ్రాయిడరీ: సూది దించేముందు చూసుకోవాల్సినవి

మా తమ్ముడి పాత జీన్స్ కాలి మీద మొదటిసారి నెమలి వేసినప్పుడు, పైనుంచి చూస్తే ముచ్చటగా వచ్చింది. గుడ్డ బిగించిన ఫ్రేమ్ విప్పి చూస్తే కాలి ముందు గుడ్డా వెనక గుడ్డా కలిసి కుట్టుకుపోయాయి. 14,000 కుట్లు. విప్పడానికి రెండు రోజులు పట్టింది, విప్పాక ఆ చోటంతా జల్లెడలా తయారైంది. ఆ జీన్స్‌తో కుట్టివ్వమని వాడడిగిన బ్యాగు ఇంకో ప్యాంటుతో కుట్టివ్వాల్సి వచ్చింది.

బ్లౌజుల మీద ఏళ్ల తరబడి వేసిన చెయ్యి అయినా జీన్స్ దగ్గర కొత్తదే. బ్లౌజుకైతే గుడ్డ కత్తిరించకముందే, చదునుగా ఉన్నప్పుడే వర్క్ వేస్తాం. జీన్స్ అప్పటికే కుట్టి, తొడిగి, అరిగిన బట్ట. అతుకులు లావు, మధ్య మధ్యలో లోహం, ఒక పొర కింద ఇంకో పొర. అందుకే ఇందులో పాడయ్యేది చాలావరకు మెషీన్ ఆన్ చేయకముందే పాడవుతుంది.

ముందు ఉతకండి. ఎన్నోసార్లు ఉతికిన ప్యాంటే కదా అనుకోవద్దు. జీన్స్‌కు వేసే నీలం రంగు నూలు లోపలికంటా ఇంకదు, పైపైనే పట్టి ఉంటుంది. ఒక నీలం పోగు లాగి పురి విప్పి చూడండి, నడుమ తెల్లగా కనిపిస్తుంది. రాసుకున్నచోటల్లా జీన్స్ వెలిసిపోయేది అందుకే. ముదురు నీలం ప్యాంటయితే తెల్లటి తడిగుడ్డతో ఒకచోట పదిసార్లు రుద్దండి. గుడ్డకు నీలం అంటిందంటే మీరు వేసే తెల్ల దారానికీ, గంధం రంగు దారానికీ అంటుతుంది. ఉప్పునీళ్లలోనో వెనిగర్‌లోనో నానబెడితే రంగు నిలుస్తుందని చాలామంది చెబుతారు. ఈ నీలానికి అది పనిచేయదు. తిరగేసి, విడిగా, నీళ్లు తేటగా వచ్చేదాకా రెండు మూడుసార్లు ఉతకడమే మార్గం. అప్పటికీ అంటుతుంటే ముదురు రంగు దారాలే ఎంచుకోండి.

వానాకాలంలో ఇంకో సంగతి. పైన ఆరినట్టే ఉన్నా నడుం పట్టీలో, జేబు సంచుల్లో తడి ఉండిపోతుంది. తడి మీద ఫ్రేమ్ బిగిస్తే ఆరాక ఎంబ్రాయిడరీ చుట్టూ గుడ్డ ముడతలు పడుతుంది. తిరగేసి ఇస్త్రీ చేసి, పూర్తిగా పొడిగా ఉందని చేత్తో తడిమి చూశాకే మొదలుపెట్టండి.

ఇక చోటు ఎంచుకోవడం. నాకు అన్నిటికన్నా భయం రివెట్ల దగ్గరే. జేబు మూలల్లో రివెట్లు వేసే పద్ధతికి అమెరికాలో 1873 మే 20న పేటెంట్ వచ్చింది. జేకబ్ డేవిస్ అనే దర్జీ, లీవై స్ట్రాస్ అనే బట్టల వ్యాపారి కలిసి తీసుకున్నారు. కూలి పనివాళ్ల ప్యాంట్లు ఎక్కువగా జేబు మూలల్లో చిరిగిపోతుంటే అక్కడ ఆ రాగి బొడిపెలు పెట్టారు. మనకు పువ్వు వేయాలనిపించేదీ సరిగ్గా అక్కడే. వేగంగా దిగే సూది రివెట్ మీద పడితే విరిగి ముక్క పైకి ఎగురుతుంది. మామూలు కళ్లద్దాలైనా సరే, పెట్టుకోకుండా ఈ పనికి కూర్చోవద్దు. పిల్లల్ని పక్కన నిలబడి చూడనివ్వద్దు. రివెట్, జిప్పు, గుండీ, వీటన్నిటికీ డిజైన్ హద్దు కనీసం అంగుళం దూరంలో ఉండాలి. సూది తగలకపోయినా, సూది చుట్టూ గుడ్డను నొక్కిపట్టే మెషీన్ పాదం తగులుతుంది కాబట్టి ఆ అంగుళం కావాలి. డిజైన్ హద్దు చుట్టూ ఫ్రేమ్‌ను ఊరికే తిప్పి చూపించే బటన్ మీ మెషీన్లో ఉంటే ప్రతిసారీ వాడండి. అనుమానంగా ఉన్నచోట చక్రాన్ని చేత్తో నెమ్మదిగా తిప్పి సూది దించి చూడండి.

సూది విరిగితే కొత్తది పెట్టి పని కొనసాగించడం కాదు, ముందు విరిగిన ముక్కలన్నీ దొరకాలి. బల్ల మీద పరిచి, పక్కపక్కన పెట్టి సూది మొత్తం అయిందో లేదో చూసుకోండి. మొన కనిపించకపోతే గుడ్డలోనో బాబిన్ కేస్ (కింది దారం ఉండే డబ్బీ) కిందో ఉండి ఉంటుంది. గుడ్డ మీద అయస్కాంతం తిప్పండి. తొడుక్కునేవాళ్లకు గుచ్చుకున్నాక తెలుసుకునే విషయం కాదిది.

కాలి మీద డిజైన్ వేయాలంటే కాలు విప్పాల్సిందే. కాలికి రెండు పక్కలా ఉండే అతుకుల్లో సాధారణంగా ఒకదానికి పైన రెండు వరసల కుట్టు కనిపిస్తుంది, దాని జోలికి పోవద్దు. రెండోది లోపల ఓవర్‌లాక్‌తో (పోగులు ఊడకుండా అంచుకు వేసే కుట్టు) ఉంటుంది, దాన్ని విప్పితే గుడ్డ చదునుగా పరుచుకుంటుంది, మళ్లీ కుట్టడమూ తేలికే. వెనక జేబు మీద వేయాలనుకుంటే జేబునే ఊడదీసి, వేశాక తిరిగి కుట్టండి. తీసేముందు దాని చుట్టూ సుద్దతో గీత గీసుకోండి, లేకపోతే రెండు జేబులు ఒక ఎత్తున కూర్చోవు. మెషీన్ మొదలుపెట్టే ముందు ఫ్రేమ్ కింద చెయ్యి పెట్టి తడమండి. మడతపడిన గుడ్డ, జేబు సంచి, ఏదీ కింద ఉండకూడదు. నేను తడమనందుకే నెమలి పోయింది.

సీటు దగ్గర, తొడల మధ్య గుడ్డ అరిగి పలచబడి ఉంటుంది. అక్కడ నిండు డిజైన్ వేస్తే కుట్ల అంచున గుడ్డ కాగితంలా తెగుతుంది. గుడ్డను దీపానికి ఎదురుగా పట్టి చూస్తే పలచటి చోట్లు తెలిసిపోతాయి. మోకాలి చిరుగు మీద వేయాలంటే ముందు లోపలి నుంచి ఇంకో జీన్స్ ముక్క అతికించండి.

అడ్డంగా లాగితే సాగే జీన్స్ అయితే గుడ్డ వెనక ఆసరాగా పెట్టే బ్యాకింగ్ పేపర్‌లో చింపి తీసేసే రకం చాలదు, కత్తెరతో కోసే గట్టి రకం వాడాలి. ఫ్రేమ్‌లో గుడ్డను డోలులా లాగి బిగించవద్దు. ఫ్రేమ్ తీయగానే గుడ్డ వెనక్కి ముడుచుకుని పువ్వు ఉబ్బుతుంది. లావు అతుకు మీద ఫ్రేమ్‌ను బలవంతంగా బిగిస్తే స్క్రూ పాడవుతుంది. పేపర్‌ను మాత్రమే ఫ్రేమ్‌లో బిగించి, గుడ్డను దాని మీద అంటించి, చుట్టూ టాకాలు వేసుకోవడం మేలు.

మా వీధిలో ఒకమ్మాయి మొన్న ఫోన్ చేసి, "అక్కా, ప్రతి కుట్టుకీ టక్ టక్ అంటోంది, దారం టెన్షన్ (బిగువు) ఎంత మార్చినా తెగుతోంది" అంది. వెళ్లి చూస్తే బ్లౌజులకు వాడే 11 నంబర్ సూది, మొన మొద్దుబారి ఉంది. జీన్స్ సూది 14 పెట్టగానే శబ్దం ఆగింది. ఒక పొరకు 14, మందంగా ఉంటే 16. ఏ మ్యాచింగ్ సెంటర్‌లో అడిగినా ఇస్తారు. మూడు నాలుగు పెట్టుకోండి, ఈ గుడ్డ మీద సూది త్వరగా అరుగుతుంది. వేగం నిమిషానికి 500 కుట్లు దాటనివ్వకండి. గుడ్డ గట్టిదే కదా అని దట్టంగా నింపితే అట్టముక్కలా బిగుసుకుపోతుంది. గీతల డిజైన్లు, లేదా పాత పోచంపల్లి చీర ముక్క పెట్టి చుట్టూ అంచు కుట్టేవి జీన్స్‌కు బాగా నప్పుతాయి.

కరెంటు పోతుందనుకున్న వేళ పెద్ద డిజైన్ మొదలుపెట్టొద్దు. మధ్యలో పోతే ఫ్రేమ్ కదల్చకండి. కరెంటు వచ్చాక ఆగిన చోటు నుంచి పది కుట్లు వెనక్కి వెళ్లి మొదలుపెట్టండి.

జీన్స్ నుంచి నీలం నూగు చాలా రాలుతుంది. పని అయ్యాక ప్లగ్ తీసేసి బాబిన్ కేస్ కింద బ్రష్‌తో తుడవండి. నోటితో ఊదితే నూగు లోపలికి పోతుంది, తేమ కూడా చేరుతుంది. నూనె అవసరమైన మెషీన్‌కు మెషీన్ నూనే వేయండి. కొబ్బరినూనె గడ్డకట్టి బంకలా పట్టేస్తుంది.

ఇస్త్రీ ఎప్పుడూ వెనక వైపు నుంచే, కింద మందపాటి టవల్ పరిచి. పాలియెస్టర్ దారం అయితే వేడి తగ్గించండి. పిల్లల బట్టయితే వెనక ముడులు ఒంటికి గీరుకోకుండా మెత్తటి ఫ్యూజింగ్ (ఇస్త్రీ వేడికి అంటుకునే గుడ్డ) అంటించండి. జీన్స్ అనగానే బండ మీద వేసి బ్రష్‌తో తోమడం మన ఇళ్లలో అలవాటు. ఇంట్లో బట్టలు ఉతికేది ఎవరైనా, ఈ ప్యాంటు సంగతి వాళ్లకు ముందే చెప్పి ఉంచండి.