గోబీ పువ్వు సరిగ్గా రావట్లేదా? ముందు రకం, నెల చూడండి

హైదరాబాద్ మిద్దె తోటల్లో వంకాయ, బెండకాయ ఇట్టే కాస్తాయి. గోబీ దగ్గరికొచ్చేసరికి చాలామంది చేతులెత్తేస్తారు. పువ్వు రాకపోతే మొదటి అనుమానం ఎరువు మీదికి పోతుంది. నా మాటగా చెప్తున్నా, ఎరువు కొనే ముందు వేసిన రకం ఏమిటో, నారు పోసిన నెల ఏదో గుర్తుచేసుకోండి. మన ఊళ్లో గోబీ కష్టాల్లో చాలావాటికి మూలం అక్కడే ఉంటుంది.

ఆకులు ఏపుగా ఉన్నాయి, పువ్వు జాడ లేదు

ముందు మొక్క నడిమి ఆకుల్ని వేళ్లతో మెల్లగా విప్పి చూడండి. చిట్టి ఆకులు ఒకదాన్నొకటి కప్పుకుని ఉంటే మొక్క ఇంకా ఆకు దశలోనే ఉందన్నమాట. అక్కడ ఏమీ లేకుండా గుంటలా కనిపిస్తే మొవ్వు పోయినట్టే. చిన్నప్పుడే పురుగు కొరికి ఉంటుంది, అలాంటి మొక్కను పీకేయడమే మేలు.

మొవ్వు బాగానే ఉండి కూడా పువ్వు రాకపోతే, బహుశా చలి రకం వేసి ఉంటారు. గోబీ పువ్వు కట్టేది వాతావరణాన్ని బట్టే, ఒక్కో రకానికి ఒక్కో లెక్క. ఎర్లీ కున్వారీ, పూసా మేఘన, పూసా దీపాళి లాంటి తొలి రకాలు 20 నుంచి 27 డిగ్రీల మధ్య పువ్వు కడతాయి. పూసా శరద్, ఇంప్రూవ్డ్ జపనీస్ లాంటి మధ్యకాలపు రకాలకు 16 నుంచి 20 డిగ్రీలు కావాలి. పూసా స్నోబాల్ కె-1 లాంటి ఆలస్యపు రకాలైతే 10 నుంచి 16 డిగ్రీల చలి అడుగుతాయి. మనకు డిసెంబరు, జనవరిలో తెల్లవారుజామున 14, 15 డిగ్రీలకు దిగినా మధ్యాహ్నానికి 28 దాకా పోతుంది. మేడ మీద స్లాబు వేడి దానికి అదనం. అందుకే పేరు ఎంత ఊరించినా స్నోబాల్ జోలికి వెళ్లొద్దంటాను.

పరిష్కారం: తొలి రకాల నారు జూన్, జూలైలో పోయండి. మధ్యకాలపు రకాలకు ఆగస్టు చివరి నుంచి సెప్టెంబరు దాకా సరైన సమయం. ఫిబ్రవరి వచ్చినా పువ్వు రాని మొక్క కోసం కుండీని ఆపుకోకండి. లేత ఆకులు పప్పులో వేసుకుని, మిగతాది కంపోస్ట్‌లో కలపండి.

గుండీ అంత పువ్వు వచ్చి ఆగిపోయింది

ఇది పై సమస్యకు తిరగేసిన రూపం. తొలి రకాన్ని ఆలస్యంగా, అక్టోబరులో వేస్తే చలి త్వరగా తగులుతుంది. ఆకులు సరిగ్గా పెరగకముందే మొక్క పువ్వు కట్టేస్తుంది, ఆ పువ్వును పెంచే బలం దానికి ఉండదు. ముదురు నారు వేసినా ఇదే జరుగుతుంది. నర్సరీలో చిన్న కప్పుల్లో వారాల తరబడి ఉండిపోయిన నారు చూడ్డానికి పొడుగ్గా, బలంగా ఉంటుంది. కొనే ముందు కప్పు తీసి వేళ్లు చూపించమనండి. అడుగున చుట్టలు చుట్టుకుని, కాండం గట్టిపడి ఉంటే వద్దు. 25 నుంచి 30 రోజుల నారు, నాలుగైదు ఆకులతో ఉన్నది తీసుకోండి.

గుండీ కట్టిన పువ్వు ఇక పెరగదు, కోసి వండుకోండి. ఈసారి నాటిన మూడో వారంలో ఒకసారి, పువ్వు మొదలయ్యేటప్పుడు ఇంకోసారి వర్మి కంపోస్ట్ వేసి, మట్టి ఎండిపోకుండా చూసుకోండి. ఒక్కో గ్రో బ్యాగ్‌కు ఒక్క మొక్కే.

పువ్వు విడిపోయి, పైన బియ్యపు గింజల్లా లేచింది

పువ్వు ముదిరే వేళ ఆ రకం తట్టుకోలేని ఎండ తగిలితే ఇలా అవుతుంది. నత్రజని మరీ ఎక్కువైనా, కోత ఆలస్యమైనా అంతే. తినడానికి ఇబ్బందేమీ లేదు, వెంటనే కోసేయండి.

మళ్లీ ఇలా కాకుండా ఉండాలంటే క్యాలెండర్ దగ్గర పెట్టుకుని వెనక్కి లెక్కపెట్టండి. ప్యాకెట్ మీద 80 రోజులని ఉంటే అది సాధారణంగా నాటిన దగ్గర్నుంచి. నారుకు ఇంకో 30 కలపండి, మొత్తం 110. సంక్రాంతికి పువ్వు చేతికి రావాలంటే సెప్టెంబరు చివరి వారంలోపు విత్తనం పడాలి. నెల ఆలస్యం చేస్తే పువ్వు ఫిబ్రవరి ఎండలో పడుతుంది. తొలి రకాల్లో పూసా దీపాళికి ఈ గింజల సమస్య తక్కువ, నా ఓటు దానికే.

పువ్వు పసుపెక్కింది

నేరుగా ఎండ పడటం వల్ల. పువ్వు నిమ్మకాయంత అయ్యాక దాని ఆకుల్నే పైకి మడిచి దారంతో వదులుగా కట్టండి. రెండు రోజులకోసారి విప్పి పురుగులున్నాయేమో చూసి, నాలుగైదు రోజుల్లో కోసేయండి. పూసా దీపాళి ఆకులు తామే పువ్వును కప్పుకుంటాయి, కట్టే పని అంతగా ఉండదు.

పువ్వు మీద గోధుమ మచ్చలు, కాండం లోపల డొల్ల, వండితే చేదు

ఇది రకం తప్పు కాదు, బోరాన్ అనే సూక్ష్మపోషకం లోపం. లీటరు నీటికి 2 గ్రాముల బోరాక్స్, ముందు కాస్త వేడినీళ్లలో కరిగించి, ఆకుల మీద పిచికారీ చేయండి. పదిహేను రోజులకు ఇంకోసారి చాలు. మోతాదు పెంచితే బోరానే మొక్కను కాల్చేస్తుంది. కాండం డొల్లగా మాత్రమే ఉండి మచ్చల్లేకపోతే నత్రజని తగ్గించండి.

విత్తనం కొనేటప్పుడు

'గోబీ' అని మాత్రమే రాసిన ప్యాకెట్ కొనకండి. రకం పేరు, కోతకు ఎన్ని రోజులు, పరీక్షించిన తేదీ, ఈ మూడూ ఉండాలి. ప్రైవేటు హైబ్రిడ్లు మంచివే, కాకపోతే నాటాక 55 నుంచి 65 రోజుల్లో వచ్చేవాటిని వానాకాలానికి, 75 నుంచి 85 రోజులవి సెప్టెంబరు నారుకు ఉంచుకోండి. నారింజ రంగు పూసా బీటా కేసరి 1 చూసి ముచ్చటపడేవాళ్లు చాలామంది. బీటా కెరోటిన్ ఎక్కువున్న రకమే, కానీ అది ఢిల్లీ ప్రాంతం కోసం విడుదలైంది. పిల్లల సరదాకి రెండు కుండీల్లో వేయండి, మిగతా కుండీలన్నీ దీపాళికి, శరద్‌కి ఇవ్వండి.