ఫోన్ ఉందా అని అడిగి వదిలేయకండి: మీ ఊళ్ళో డిజిటల్ అంతరాన్ని యూనివర్సిటీతో కలిసి తేల్చడం ఎలా

ఫోన్, నెట్ సొంతంగా వాడుకోగలిగేవాళ్ళకీ, వాడుకోలేనివాళ్ళకీ మధ్య తేడానే డిజిటల్ అంతరం. మీ ఊళ్ళో అదెంతో సర్వే చేద్దామని మున్సిపాలిటీలో ప్రతిపాదన పెట్టగానే ఎవరో ఒకరు అనే మాట ఇదే: "ఈ రోజుల్లో ఫోన్ లేనిదెవరికండీ?" జవాబు ముందే దగ్గర పెట్టుకుని వెళ్ళండి. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ళ ఆడవాళ్ళలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడినవాళ్ళు 21 శాతం, మగవాళ్ళలో 48.8 శాతం. తెలంగాణలో అవే అంకెలు 26.5, 57.4. ఆ తర్వాత ఆన్‌లైన్ క్లాసులు, ఫోన్‌పేల వాడకం పెరిగాయి, అంకెలూ పెరిగే ఉంటాయి, కాదనను. కానీ మీ ఊళ్ళో, మీ కాలనీలో ఇప్పుడు పరిస్థితి ఏంటో రాష్ట్రస్థాయి సర్వే చెప్పదు. అది తేలాలంటే మీ మున్సిపాలిటీ, దగ్గర్లోని యూనివర్సిటీ కలిసి ఇళ్ళకు వెళ్ళాల్సిందే.

ఉదాహరణకు విశాఖనే తీసుకుంటాను, రెండు చివరలూ అక్కడ పక్కపక్కనే కనిపిస్తాయి కాబట్టి. 2025 అక్టోబరులో గూగుల్ అక్కడ ఐదేళ్ళలో 1,500 కోట్ల డాలర్లతో ఏఐ హబ్ కడతామని, సముద్రగర్భ కేబుళ్ళు తెస్తామని ప్రకటించింది. అదే ఊళ్ళో తీరం పొడవునా మత్స్యకారుల పేటలున్నాయి, కొండవాలు కాలనీలున్నాయి. 98 వార్డుల విశాఖ నగరపాలక సంస్థ (జీవీఎంసీ) ఒకవైపు, 1926 నుంచి ఉన్న ఆంధ్ర విశ్వవిద్యాలయం ఇంకోవైపు. మీది వరంగల్ అయితే కాకతీయ యూనివర్సిటీ, తిరుపతి అయితే శ్రీవేంకటేశ్వర యూనివర్సిటీ. చిన్న మున్సిపాలిటీ అయితే స్టాటిస్టిక్స్ చెప్పే మంచి డిగ్రీ కాలేజీ ఉన్నా చాలు.

ముందు తేల్చుకోవాల్సింది ప్రశ్నలు కాదు, ఏ నిర్ణయం కోసం ఈ సర్వే అన్నది. "డిజిటల్ అంతరంపై అధ్యయనం" అని ఊరికే రాసుకుంటే చివరికి ఒక లావుపాటి నివేదిక వస్తుంది, బీరువాలోకి వెళ్తుంది. 2025 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 'మన మిత్ర' పేరుతో వాట్సాప్‌లోనే సర్టిఫికెట్లు, బిల్లులు లాంటి సేవలు మొదలుపెట్టింది. కాబట్టి ప్రశ్న ఇలా ఉండాలి: ఏ వార్డుల్లో జనం ఈ సేవను సొంతంగా వాడుకోగలరు, ఏ వార్డు సచివాలయంలో సాయంత్రం పూట పక్కన కూర్చుని చేయించే మనిషి కావాలి, ఏ లైబ్రరీలో కంప్యూటర్లు పెడితే పనికొస్తాయి? కమిషనర్ గారు వచ్చే బడ్జెట్‌లో సంతకం పెట్టబోయే రెండు మూడు పనుల పేర్లు కాగితం మీద రాయించుకోండి. ఆ పేర్లు రాకపోతే సర్వే వాయిదా వేసుకోవడమే నయం.

తర్వాత ఏ డిపార్ట్‌మెంట్ దగ్గరికి వెళ్ళాలి? అందరూ నేరుగా కంప్యూటర్ సైన్స్ వాళ్ళ దగ్గరికి వెళ్తారు, వాళ్ళు ఉత్సాహంగా ఒక యాప్, ఒక డ్యాష్‌బోర్డ్ చేసిస్తారు, దాంతో సగం సమయం అయిపోతుంది. మీకు ముందు కావాల్సింది స్టాటిస్టిక్స్ వాళ్ళు, సోషల్ వర్క్ లేదా సోషియాలజీ వాళ్ళు. తెలుగు శాఖ నుంచి ఒక్కరు ఉంటే మరీ మంచిది, ఎందుకంటే "మీకు అంతర్జాల సదుపాయం కలదా?" అని అడిగితే "ఏం లేదు బాబూ" అనే జవాబే వస్తుంది, ఆ ఇంట్లో పిల్లాడు ఓ మూలన యూట్యూబ్ చూస్తున్నా సరే.

ఒప్పందంలో మామూలు మర్యాద వాక్యాలు ఎలాగూ ఉంటాయి, వాటి గురించి టెన్షన్ వద్దు. గట్టిగా పట్టుబట్టాల్సినవి వేరే. ఫలితాలు ఎలా వచ్చినా, నివేదిక మున్సిపాలిటీకి అందిన 60 రోజుల తర్వాత యూనివర్సిటీ ప్రచురించుకోవచ్చని స్పష్టంగా రాయించండి. ఈ ఒక్క వాక్యం లేకపోతే, ఏదో వార్డులో అంకె బాగాలేదని ఎవరో నొచ్చుకోగానే మొత్తం ఆగిపోతుంది. రెండోది, కమిషనర్లు బదిలీ అవుతారు, కాబట్టి ఆయన సంతకం ఒక్కటే సరిపోదు. కౌన్సిల్‌లోనో స్టాండింగ్ కమిటీలోనో తీర్మానం చేయించి, ఈ పనికి బాధ్యత వహించే ఒక నోడల్ ఆఫీసర్‌ని హోదా పేరుతో పెట్టించండి, మనిషి పేరుతో కాదు. ఇళ్ళకు తిరిగే విద్యార్థులకు భత్యం ఎవరిస్తారో కూడా అప్పుడే తేల్చండి. మార్కుల కోసం తిరిగేవాళ్ళు చెట్టు కింద కూర్చుని ఫారాలు నింపేస్తారు, ఇది అందరికీ తెలిసిన రహస్యమే.

సమాచారం విషయానికొస్తే, 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది, యూనివర్సిటీలో పరిశోధనల మంచిచెడ్డలు చూసే ఎథిక్స్ కమిటీ ఉంటే అనుమతి తీసుకోండి. అయితే చట్టం కంటే పెద్ద సమస్య జనం భయం. కరెంటు యూనిట్లు, కారు చూసి పథకాలకు అర్హత తేల్చే చోట ఎవరైనా వచ్చి "స్మార్ట్‌ఫోన్ ఉందా, ఎంతది, రీచార్జ్‌కి ఎంత పెడతారు" అని అడిగితే, ఉన్న ఫోన్ కూడా దిండు కిందకి పోతుంది. అందుకే ప్రశ్నలు సచివాలయం సిబ్బంది అడగకూడదు. ఆ వీధిని ఎరిగిన మెప్మా ఆర్పీ అక్క (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ తరఫున మహిళా సంఘాలను చూసుకునే ఆమె) వచ్చి పరిచయం చేసి పక్కకు తప్పుకోవాలి, అడగడం విద్యార్థుల పని. ఆధార్ నంబర్, రేషన్ కార్డు నంబర్ ఫారంలో గడి కూడా ఉండకూడదు.

ఇక ఎంతమందిని అడగాలి, ఎక్కడ అడగాలి. గూగుల్ ఫామ్ లింకు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టి వేలమంది నింపారని సంబరపడకండి, మీరు వెతుకుతున్న మనిషి ఆ గ్రూపులో లేనే లేడు. ఊరు మొత్తానికి ఒక అంకె కావాలంటే, లాటరీ తీసినట్టు ఎంచిన 384 మంది ఉంటే 5 శాతం అటూ ఇటూగా చెప్పొచ్చు. కానీ మనం చెల్లాచెదురుగా తిరగలేం, ఒక్కో చోట పది పదమూడు ఇళ్ళు చూస్తాం, పక్కపక్క ఇళ్ళవాళ్ళు ఒకేలా ఉంటారు, అందుకని దాన్ని రెట్టింపు చేసుకోవాలి. అంటే 770 దాకా. 60 పోలింగ్ బూత్‌లు ఎంచి, బూత్‌కు 13 ఇళ్ళు చూస్తే 780 అవుతుంది, సరిపోతుంది. వార్డు వార్డుకీ విడిగా అంకె కావాలని కార్పొరేటర్లు అడుగుతారు. రెట్టింపు చేయకుండా, వార్డుకు 384 చొప్పున చూసినా 98 వార్డులకు 37 వేల ఇళ్ళు దాటుతుందని లెక్క చూపిస్తే ఆగుతారు. దానికి బదులు ఊరిని నాలుగు రకాలుగా విడగొట్టండి: కొండవాలు, తీరం, పాత పట్నం, కొత్త అపార్టుమెంట్లు. ఒక్కోదానికి 770 దాకా అనుకుంటే నాలుగిటికీ కలిపి సుమారు 3,100 ఇళ్ళు, ఇది చేయగలిగిన పని.

ఆస్తిపన్ను జాబితా నుంచి ఇళ్ళు తీసుకోకండి, పన్ను వేయని గుడిసెలు, ఒకే అసెస్‌మెంట్ మీద ఉన్న నాలుగు అద్దె వాటాలు అందులో కనపడవు. ఓటర్ల జాబితాలో వలస వచ్చినవాళ్ళు చాలామంది ఉండరు. బూత్ హద్దుల్ని మాత్రమే దాన్నుంచి తీసుకుని, ఆ హద్దుల్లోని గడపలన్నీ విద్యార్థులే తిరిగి రాసుకుని, అందులోంచి లాటరీ తీయాలి. ఇంట్లో ఎవరిని అడగాలనేది కూడా లాటరీయే, తలుపు తీసిన మగాయన్ని కాదు. "ఇటీవల పుట్టినరోజు ఎవరిదో వాళ్ళని అడగండి" అనే పద్ధతి మన దగ్గర సాగదు, పెద్దవాళ్ళలో చాలామందికి ఆధార్‌లో జనవరి 1 పడి ఉంటుంది! ఇంట్లోని వయోజనుల వయసులు వరసగా రాసి, ఫారం మీద ముందే అచ్చేసిన అంకె ప్రకారం ఎంచుకోవడమే మేలు.

ప్రశ్నల దగ్గర ఎక్కువ సమయం పెట్టండి. "ఇంట్లో ఫోన్ ఉందా" అన్నదానికి అవును అని రాసుకుని వచ్చేస్తే పని పాడైనట్టే. ఆ ఫోన్ పగలు ఎక్కడుంటుంది? అది ఇంటాయన ఆటోతో పాటు వెళ్ళి రాత్రి తొమ్మిదికి ఇంటికొస్తే, ఆ ఇంట్లో పగలు ఫోన్ లేనట్టే లెక్క. గత మూడు నెలల్లో రీచార్జ్ అయిపోయి ఎన్ని రోజులు ఆగింది? గుమ్మం లోపల సిగ్నల్ ఉందా, మెట్లు దిగి రోడ్డు మీదకు రావాలా? నెట్ సెంటర్‌లో చివరిసారి దేనికి, ఎంత ఇచ్చారు? వీటన్నిటికంటే నాకు నచ్చిన ప్రశ్న ఇది: "మీ ఆధార్‌కి ఓటీపీ ఏ నంబరుకు వస్తుంది, ఆ ఫోన్ ఇప్పుడు ఎవరి దగ్గరుంది?" కొడుకు నంబరు ఇచ్చిన తల్లి, ఆ కొడుకు హైదరాబాద్‌లో డ్యూటీలో ఉంటే ఏం చేస్తుందో అడిగి చూడండి, రెండు నిమిషాల్లో మీకు సగం నివేదిక దొరుకుతుంది.

ఆ తర్వాత చేయించి చూడండి. వాళ్ళ ఫోన్‌లోనే, వాళ్ళ చేతులతోనే, మన మిత్రకు 'హాయ్' పెట్టి ఏదైనా ఒక సర్టిఫికెట్ దరఖాస్తు దాకా వెళ్ళమనండి, పంపనక్కర్లేదు. ఎక్కడ ఆగారో రాసుకోండి: భాష ఎంచుకునే దగ్గరా, టైపింగ్ దగ్గరా, ఏ సేవ ఏ పేరు కింద ఉందో తెలియకా? పక్కన మనవరాలు "అది నొక్కు నానమ్మా" అంటే, "చెబితే చేశారు" అన్న గడిలో వేయండి, "సొంతంగా చేశారు"లో కాదు. ఓటీపీ అడిగే మెట్టుకు ముందే ఆపేయాలి. ఓటీపీ అడిగిన విద్యార్థిని ఎవరైనా తలుపేసి పంపిస్తే వాళ్ళది తప్పేం లేదు. ముందు ఓ 30 ఇళ్ళలో ప్రయోగంగా (పైలట్) చేసి, అర్థంకాని ప్రశ్నలు తీసేయండి.

వెళ్ళే వేళ కూడా చూసుకోవాలి. మత్స్యకారుల పేటలకు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం ఉన్న రోజుల్లో వెళ్తే మగవాళ్ళూ దొరుకుతారు, కానీ అప్పుడే విద్యార్థులకు పరీక్షలు, కాబట్టి క్యాలెండర్ ముందే సరిచూసుకోండి. అపార్టుమెంట్లకు ఆదివారం పొద్దున్నే నయం. వాచ్‌మన్ ఇంటిని వదిలేయకండి, అది కూడా అపార్టుమెంటే. విద్యార్థుల్ని ఇద్దరిద్దరుగా, ఒక అమ్మాయైనా ఉండేలా పంపండి.

లెక్కలు తేలాక కౌన్సిల్ కంటే ముందు ఆ వార్డుల్లోనే ఒక సాయంత్రం పెద్ద కాగితం మీద గీసి చూపించండి, తప్పులుంటే వాళ్ళే చెబుతారు. కౌన్సిల్‌కి రెండు పేజీలు చాలు: మొదట్లో రాయించుకున్న ఆ రెండు మూడు నిర్ణయాలు, ఒక్కోదానికి ఎదురుగా అంకె. పేర్లు, చిరునామాలు తీసేసిన ఫైలు, ప్రశ్నపత్రం యూనివర్సిటీ దగ్గర భద్రంగా ఉంచండి. సియాటిల్ నగరం 2000 నుంచి కొన్నేళ్ళకోసారి ఇలాంటి సర్వే చేస్తూ వస్తోంది. మీరూ మళ్ళీ చేసినప్పుడు ముఖ్యమైన ప్రశ్నల్లో ఒక్క మాట కూడా మార్చకండి, మారిస్తే పాత అంకెతో పోల్చడానికి వీలుండదు, కొత్త ప్రశ్నలుంటే చివర్లో చేర్చుకోండి.